రాయి కింద బొగ్గు

అసురసంధ్య వేళ! పడమటి ఆకాశం దెబ్బ తగిలిన చర్మంలా కమిలిపోయి ఉంది. ఎక్కడో ఉరిమింది. సగం లేచిన టవరులో, ఇంకా తలుపులు పెట్టని కిటికీ కన్నంలో ఒక గుడ్లగూబ కూర్చుని కింద వీధిని చూస్తోంది. అది అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆ టవరు నీడలో మిగిలింది ఒక్క వీధి. నగరం నాలుగు వైపులా పెరిగి, పాత ఇళ్ళ మీదుగా రింగురోడ్డు పరచుకుంది. ప్లానులో ఆకుపచ్చ రంగున్న పార్కు ఫ్లాట్లయింది. చెరువు పేరు బస్టాపుకు మాత్రం మిగిలింది. ఈ వీధివాళ్ళు మాత్రం కదలలేదు. మొదటి ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ 'ఊఁ' అంటే అందరూ ఖాళీ చేస్తారు. అందరూ కుట్టక్క అని పిలిచే ఆమె 'ఊఁహూఁ' అనేసింది.

అందుకే బిల్డరు క్షుద్రపూజలు చేసే పుర్రెస్వామిని పిలిపించాడు.

వీధికీ టవరుకీ మధ్య హద్దురాయి ఉంది. దానికి టవరు వైపున, రాతిని ఆనుకున్నంత దగ్గరగా, పుర్రెస్వామి ఆసీనుడయ్యాడు. ఎదుట వీధివైపు ముఖం పెట్టిన కపాలం... దాని కనుగుంటల్లో రెండు ఒత్తులు!

పక్కన నిలబడ్డవాడు సర్వేయరు, కుట్టక్కకు తోడబుట్టిన అన్న. తల్లీతండ్రీ పోయాక ఆమెకు జడలు వేసి బడికి పంపినవాడు. చెల్లెలి గడప దగ్గరి మట్టిని రుమాల్లో మూటగట్టి తెచ్చాడు.

"రక్తసంబంధీకుడు తన చేత్తో తెస్తేనే ఇది పనిచేస్తుంది," అన్నాడు పుర్రెస్వామి. "తెచ్చేవాళ్ళకి చేతులు వణుకుతాయి. నువ్వేంటయ్యా, రుమాలు కూడా నలగకుండా తెచ్చావు!"

"భయపెట్టి పంపించేస్తామన్నారు. అంతే కదా స్వామీ?"

"అంతేనా? పుర్రెకు మేత ఎవరు వేస్తారు?" పుర్రెస్వామి నవ్వాడు. "నేను పిలిస్తే ఆ వీధి హద్దులో దీనికి దగ్గరగా ఉన్న ప్రాణం ఇందులోకి వచ్చేస్తుంది. అందుకే మీ చెల్లెల్ని రాయి దాకా నడిపిస్తాను. నేను హద్దుకు బయట ఉంటాను కాబట్టి నాకేం కాదు. ఇంతకీ, ఇది అసలు హద్దేనా?"

సర్వేయరు రాయి వైపు చూశాడు. కిందటి వానాకాలం, టవరుకు చోటు చాలదంటే, ఆ రాయిని వీధివైపు జరిపింది అతనే. చెబితే మాట బయటికి పొక్కుతుంది. ఉద్యోగం పోతుంది.

"అసలు హద్దే స్వామీ," అన్నాడు. "నేనే పాతాను."

అని, నెమ్మదిగా వెనక్కి జరిగాడు. ఇంకొంచెం... ఇంకొంచెం. తనకు తెలిసిన ఒక చోటు దాటాక ఆగాడు.

మంత్రోచ్చారణ మొదలైంది. మట్టి కపాలం మీద పడింది.

మొదటి ఇంట్లో కుట్టుమిషను చక్రం ఠక్కున ఆగింది. కుట్టక్క తల ఒక పక్కకు వాలింది. నోటి నుంచి మగగొంతు!

"లేవండి! ఖాళీ చెయ్యండి! ఇది శ్మశానం అవుతుంది!"

"అదేం గొంతే తల్లీ, జలుబు చేసిందా?" అంటూ వచ్చిన పక్కింటి పిన్ని, ఆమె కళ్ళు చూసి గుమ్మంలోనే కూలబడింది. ఆ కళ్ళలో నల్లగుడ్డు లేదు!

కుట్టక్క నడుస్తోంది. వీధివాళ్ళు చేయి పట్టుకుంటే విదిలించి కొడుతోంది. హద్దురాయి కనిపించగానే, ఒక్క క్షణం, ఆమె సొంత గొంతు పైకి వచ్చింది.

"అన్నయ్యా! నన్ను పట్టుకో అన్నయ్యా!"

అన్నయ్య కదలలేదు.

"ఈ హద్దులోని ప్రాణమా!" గర్జించాడు పుర్రెస్వామి. "నా కపాలంలోకి రా!"

పిడుగు పడింది. కపాలం కదిలింది... మెల్లగా... తన చుట్టూ తాను తిరిగి... పుర్రెస్వామి ముఖంలోకి చూసింది!

"ఇటు కాదు! అటు! అటు!"

హద్దురాయి పాతేటప్పుడు గోతి అడుగున బొగ్గు వేస్తారు. రాయిని పీకవచ్చు, జరపవచ్చు. బొగ్గు కుళ్ళదు. రాయి అబద్ధం ఆడిన నాడు, తవ్వి చూస్తే అది సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు తవ్వేవారెవరూ లేరు. నేలే నోరు తెరిచింది.

పుర్రెస్వామి వెనక, రాయి మొదట పాతిన చోట, భూమి చీలింది. ఆ చీలికలో ఏళ్ళ నాటి బొగ్గు కణకణా రాజుకుంది. అతను లేచి పరుగెత్తబోయాడు. కాళ్ళ కింద మట్టి పట్టు విడవలేదు. మోకాళ్ళు... నడుము... గొంతు...

"సర్వేయరూ! అబద్ధం చెప్పావురా!"

అదే అతని చివరి మాట. కపాలం కూడా అతని వెంటే దిగిపోయింది. మంత్రం ఎంత పెద్దదైనా, నేల అంతకంటే పెద్దది.

గాలి ఆగింది. కుట్టక్క కళ్ళలోకి నల్లగుడ్డు తిరిగి వచ్చింది. పిన్ని ఆమెను పొదివి పట్టుకుంది. చీలికకు అవతల నుంచి సర్వేయరు రెండు చేతులూ చాపాడు.

"చెల్లీ! నీకేం కాలేదు కదా? నేను భయపడిపోయానమ్మా..."

ఆమె చల్లారుతున్న బొగ్గును చూసింది. తరువాత అతని పాదాలను చూసింది. అవి బొగ్గుకు సరిగ్గా అడుగు అవతల ఉన్నాయి.

"నీకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఈ వీధి కొలిచిన రోజు," అంది మెల్లగా, "మన పొయ్యిలోంచి ఆ బొగ్గు తెచ్చిచ్చింది నేనే. దీన్ని ఎవరూ కదపలేరు చెల్లీ అన్నావు. గౌను నిండా మసి అయితే నువ్వే ఉతికావు."

అతని చూపు బొగ్గు మీదికి పోయింది.

"అది ఎక్కడుందో నీకు తెలుసు. చూసుకుని, దాని అవతల నిలబడ్డావు."

"చెల్లీ..." అంటూ అతను అడుగు ముందుకు వేయబోయాడు.

"ఇటు రాకు అన్నయ్యా," అంది కుట్టక్క. "మన హద్దు అక్కడే ఉంది."