గుమ్మం మీది నాడా

"ఆదివారంలోగా మా ఇంటిపేరు ఎక్కడ్నుంచి వచ్చిందో తేలకపోతే నా పెళ్లి ఆగిపోతది సార్!"

మారేడ్‌పల్లిలో డిటెక్టివ్ ధర్మరాజు ఆఫీసు. ఎదుట కూర్చున్న మేబెల్ చేతిరుమాలు నలిపేస్తోంది. అసిస్టెంట్ రాజ్యం మంచినీళ్లు అందించింది.

మేబెల్ తిరుమలగిరిలో టీచరు. వరుడు మల్కాజ్‌గిరి యేసురాజు గారబ్బాయి. రెండిళ్లవాళ్లూ ఇంటిపేరుకు 'జి' అన్న అక్షరంతోనే సరిపెట్టుకునేవారు. చర్చిలో పెళ్లి ప్రకటన మొదటిసారి చదివేటప్పుడు రెండు ఇంటిపేర్లూ 'గుర్రం' అని బయటపడింది. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరస. యేసురాజు అక్కడికక్కడే లేచి అభ్యంతరం చెప్పాడు. రెండో ప్రకటన వచ్చే ఆదివారమే.

"మీ తాతగారిది ఏ ఊరు?"

"మా నాయనకే తెల్వదు. తాత అబ్రహాం ఎన్నడు చెప్పలేదంట. నడిమి గుమ్మం మీద ఒక గుర్రపు నాడా కొట్టిండు, అంతే. దాన్ని తెలిసినోళ్లకు చూపించి అడుగుతా అని నిన్న ఇంట్ల చెప్పిన. పొద్దున లేస్తే నాడా లేదు!"

ధర్మరాజు కళ్లు మెరిశాయి. "పద, రాజ్యం."

తిరుమలగిరి ఇంట్లో మేబెల్ తండ్రి లూకా ఎదురొచ్చాడు. నాయనమ్మ రోసమ్మ కిటికీ పక్కన లేసు అల్లుకుంటోంది. నడిమి గుమ్మం మీద నిరుటి క్యాలెండరు కొత్త తెల్లదారంతో వేలాడుతోంది. ధర్మరాజు దాన్ని జరిపి చూశాడు. వెనక గోడ మీద నాడా ఆకారంలో మచ్చ.

"ఇంకేమైనా పోయాయా?"

"చెంచా సుత పోలే," అన్నాడు లూకా. " ఆ యేసురాజే తీయించిండు సార్! ఈ సంబంధం ఆయనకు మొదట్నుంచి ఇష్టం లేదు."

"సాయంత్రం ఆయన్ని పిలవండి."

యేసురాజు వస్తూనే విరుచుకుపడ్డాడు. "నన్ను దొంగంటున్నారటగా! ఇంటిపేరు ఒకటైనప్పుడు లూకాకి నేను అన్న వరసండీ. వియ్యంకుణ్ని ఎలా అవుతాను?"

"దొంగ మీరు కాదు," అన్నాడు ధర్మరాజు. "దొంగ అయితే ఇనుము పట్టుకుపోతాడు గానీ, మచ్చ కనబడకుండా క్యాలెండరు తగిలించడు. ఆ మచ్చ చూడలేక కప్పింది ఈ ఇంటి మనిషే. కట్టింది లేసు దారంతో."

రోసమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"తరాల ఇంటిపేరుకు ఒక ఊరుంటుంది, చుట్టాలుంటారు. అబ్రహాం గారికి నాడా తప్ప ఏమీ లేదు. అంటే ఈ పేరు ఆయనతోనే మొదలైంది. ఎలాగో మీరే చెప్పాలమ్మా."

రోసమ్మ దారపు సంచిలోంచి నాడా తీసింది.

"మిలిటరీ గుర్రాల లాయంల, గడ్డి మీద దొరికిన పసిగుడ్డు ఆయన. గుర్రాలు కడిగెటోళ్లే సాకిన్రు. బడిల ఇంటిపేరు అడిగితే గుర్రం అని చెప్పిండు. 'నేను దిక్కులేనోణ్ణని పిల్లలకు తెల్వొద్దు' అని పోయేముందు చేతిల చెయ్యి ఏయించుకున్నడు. ఈ నాడా ఆ లాయంలదే, చూసినోళ్లు గుర్తుపడ్తరని దాచిన. నోరిప్పితే ఆయన మాట పోతది, ఇప్పకుంటే పిల్ల పెళ్లి పోతది. ఏం చెయ్యాలె బిడ్డా?"

లూకా తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. మేబెల్ యేసురాజునే చూస్తోంది. వరస అడ్డు తొలగింది. మరి వంశం ఏదని అడిగితే?

యేసురాజు రోసమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"లాయంలో దొరికాడని దాచుకుంటారేంటమ్మా? మనం ప్రార్థించే ప్రభువు పుట్టింది పశువుల పాకలో కాదా అండీ?"

ఆమె చేతిలోని నాడా అందుకుని, లేచి, లూకా వైపు తిరిగాడు.

"సుత్తి ఉందా, బావగారూ?"