బోర్లించిన రొట్టె

ఆదివారం మధ్యాహ్నం. రెన్ నగరంలో, మూడో అంతస్తులోని చిన్న వంటింట్లో, గిస్లెన్ భోజనాల బల్ల మీద సముద్రతీరం పటం పరిచాడు. అది చుట్టుకుపోకుండా మూలమూలకీ ఓ బరువు పెట్టాడు. ఉప్పు డబ్బా, వెన్న గిన్నె, ఆర్మెల్ కళ్లజోడు. నాలుగో మూలకి ఏమీ దొరక్క పొద్దున్న తెచ్చిన గుండ్రటి రొట్టె. దాన్ని బోర్లా పెట్టాడు.

ఆర్మెల్ చెయ్యి చాచి రొట్టెను సరిగ్గా తిప్పింది.

"మళ్లీనా! మీ రేవుల వాళ్లు రొట్టెకి కూడా వీపూ పొట్టా చూస్తారు తల్లీ. మా దిజోన్‌లో ఎటు పెట్టినా రొట్టె రొట్టే."

"మీ దిజోన్‌లో మునిగి చావడానికి మీరమ్ముకునే ఆవముద్ద గిన్నె తప్ప ఏముంది గనక!"

అతను పగలబడి నవ్వాడు. సిటీ బస్సు నడిపే మనిషి. రెండేళ్లుగా ఆర్మెల్ కుట్టుకొట్టుకి చిరగని ప్యాంట్లు కూడా పట్టుకొచ్చి, చివరికి ఆమె వంటింట్లో ఓ కుర్చీ సంపాదించుకున్నాడు. అతని నవ్వంటే ఆమెకి ఇష్టం. ఆ నవ్వులో ఉప్పు వాసన ఉండదు.

పడవ మీద మనిషి ఉండగా ఇంట్లో రొట్టె బోర్లిస్తే అక్కడ పడవ బోర్లుతుందని చేపల రేవుల్లో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. పొరపాటున ఎవరైనా పెట్టినా పక్కవాళ్లు ఉలిక్కిపడి సరిచేస్తారు. ఆర్మెల్ ఎనిమిదేళ్ల కింద పెట్టింది పొరపాటున కాదు.

మొగుడు ఎర్వాన్ పన్నెండేళ్ల కాపురంలో ఆమె అడిగినప్పుడల్లా ఒకటే మాట అన్నాడు, రెండు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్తానని. ప్రతిసారీ చేపలు అడ్డొచ్చేవి. ఆ శుక్రవారం ఆమె సంచీ సర్దుకుని, పెదాలకి రంగేసుకుని కూర్చుంటే, రబ్బరు బూట్లు తొడుక్కుంటూ "వచ్చేవారం వెళ్దాంలే" అన్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బల్ల మీది రొట్టెను రెండు చేతులా ఎత్తి, అతని కళ్లలోకి చూస్తూ బోర్లించింది. అతను రొట్టెను చూశాడు. ఆమెను చూశాడు. తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్లిపోయాడు.

పడవ దొరికింది, అడుగు ఆకాశానికి పెట్టుకుని. ఎర్వాన్ దొరకలేదు. అతని వేలికున్న పెళ్లి ఉంగరమూ దొరకలేదు. లంగరు గొలుసు కింద పడి ఓ పక్క నొక్కుకుపోయిన ఉంగరం అది. ఓదార్చడానికి వచ్చిన వాళ్లందరికీ ఆర్మెల్ గుమ్మంలోనే జవాబు చెప్పి పంపేసింది. రొట్టె సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాపాలు వినే ఫాదరుకి కూడా.

"ఇదిగో, పోర్-కెలెన్," గిస్లెన్ పటం మీద వేలు పెట్టాడు. "మీ పాత రేవు ఇటు, ఇది అటు. మధ్యలో రెండొందల కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం రైలు. రేవు పైనే గది. శనివారం పదింటికి పడవలో దీపస్తంభం దాకా వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తాం. ఆలుచిప్పలు తింటాం. ఆదివారం రాత్రికి ఇల్లు."

"పడవ వద్దు."

"సరే."

"ఆ ఊరూ వద్దు. కొండల్లోకి పోదాం."

గిస్లెన్ పెన్ను కింద పెట్టాడు. "ఆర్మెల్, ఒకటి అడుగుతాను, తిట్టకు. రెండేళ్లుగా నువ్వు వద్దన్నవన్నీ రాస్తే ఈ పటం వెనక చోటు చాలదు. నీకు సముద్రం వద్దా... నేను వద్దా? నేనే అయితే ఇవాళే చెప్పు. నా కుర్చీ నేను తీసుకుపోతాను."

మొగుణ్ణి రొట్టెతో చంపానని చెప్తే ఈ మనిషి నవ్వుతాడు, లేదా భయపడతాడు. నవ్వితే ఆమె భరించలేదు. భయపడితే అతను ఉండడు. ఉన్న ఒక్క కుర్చీ ఖాళీ అవుతుంది.

"ఫోన్ ఇటియ్యి. గది నేనే మాట్లాడతాను," అంది.

పోర్-కెలెన్‌లో ఫోనెత్తింది ఆ బస నడిపే మదాం లగాదెక్ అనే ముసలావిడ. గొంతు గరుకుగా ఉంది. ఆర్మెల్ పేరు చెప్పగానే, "తెలుసమ్మా, రాసిపెట్టాను. శుక్ర, శని. మీ ఆయన పొద్దున్నే ఫోన్ చేశారు కదా," అంది.

ఆర్మెల్ గిస్లెన్ వైపు చూసింది. అతను పటం మడవడానికి తంటాలు పడుతున్నాడు.

"ఏం చెప్పారు?"

"పెద్దగా మాట్లాడే మనిషి కాదులా ఉంది. గాలి హోరులో సరిగా వినపడనూ లేదు. రొట్టె మాత్రం అడుగు నల్లగా మాడింది కావాలన్నారు. ఆ మాట రెండుసార్లు చెప్పారు."

ఆర్మెల్ ఫోన్ పెట్టేసింది.

"పొద్దున్న నువ్వు ఫోన్ చేశావా అక్కడికి?"

"నేనా? నంబరు పటం మీదుంటే ఇప్పుడేగా చూశాను! ఏమైంది?"

గిస్లెన్ మాడు తినడు. అంచులు కూడా తీసి పక్కన పెడతాడు. రొట్టె మీద సిలువ గీసి కోసేవాడు, మాడిన అడుగు కోసం ఆమె పళ్లెంలో చెయ్యి పెట్టి లాక్కునేవాడు ఎర్వాన్.

"ఏం లేదు. ముసలావిడ ఎవరి ఫోనో ఎవరిదో అనుకుంది," అంది ఆర్మెల్.

బుధవారం పొద్దున్న ఆమె వంటింట్లో బట్టలో చుట్టిన రొట్టె అడుగున తడిగా ఉంది. నాలుక కొసతో చూసింది.

ఉప్పు.

రొట్టెను చెత్తలో పడేసి చేతులు మూడుసార్లు కడుక్కుంది. సముద్రానికి ఊళ్లేమిటి, అటైనా ఇటైనా అవే నీళ్లు. ఆ సంగతి తెలిసీ, కుర్చీ ఖాళీ కాకూడదని శుక్రవారం రైలెక్కింది.

శనివారం తెల్లగా తెల్లారింది. గాలి లేదు. ఆటుకి నీళ్లు వెనక్కి తీసిన రేవులో బురద వాసన, నాచు వాసన, డీజిల్ వాసన. గిస్లెన్ బడిపిల్లాడిలా తయారయ్యాడు.

"నువ్వు రాకపోతే మానె. నేను వెళ్లొస్తాను. ఆ పడవ నడిపేవాడు మదాంగారి మరిదేనట. భయమెందుకు?" అని ఆమె నుదుటి మీద ముద్దుపెట్టాడు.

ఆమె ఆపవచ్చు. ఏమని ఆపుతుంది?

పడవ గట్టు దాటగానే ఆర్మెల్ భోజనాల గదిలోకి పరిగెత్తింది. కిటికీ పక్క బల్ల మీద రొట్టె ఉంది. సరిగ్గానే ఉంది. కాస్త ఎత్తి చూస్తే అడుగు బొగ్గులా నల్లగా ఉంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని రెండు చేతులూ దాని మీద వేసింది.

"ఏమ్మా, రొట్టెకి జ్వరమా?" మదాం లగాదెక్ నవ్వింది. ఆర్మెల్ మొహం చూసి ఆ నవ్వు ఆపేసింది. గొంతు తగ్గించి, "మా ఇంట్లో రొట్టెను ఎవ్వరూ బోర్లించరమ్మా. మా ఆయనా, కొడుకూ పడవల మీదే బతికారు," అని లోపలికి పోయింది.

పదకొండయ్యింది. సముద్రం మీంచి మంచు లేచింది. ముందు దీపస్తంభం పోయింది. తర్వాత రాళ్ల గట్టు పోయింది. తర్వాత కిటికీ కింద కట్టేసిన పడవలు. ఎక్కడో నీళ్ల మీద తేలే గంట మోగుతోంది. ఠంగ్... చాలాసేపటికి మళ్లీ... ఠంగ్.

పన్నెండు. ఒంటిగంట.

ఆర్మెల్ చేతులు తియ్యలేదు. వేళ్ల కింద రొట్టె చల్లబడుతోంది. చల్లబడి... మెత్తబడుతోంది. అడుగు నుంచి సన్నటి నీటిచార బల్ల మీదకి పాకింది.

"నేనే తిప్పాను, ఎర్వాన్," రొట్టెకి గుసగుసగా చెప్పింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి. "నువ్వు చూస్తుండగానే తిప్పాను. కోపం నాది. ఇతన్ని వదిలెయ్యి. ఇతనికి మన లెక్కలు తెలియవు. ఇతన్ని వెనక్కి పంపెయ్యి..."

గంట ఆగిపోయింది.

మంచులోంచి ఇంజను చప్పుడు వినిపించింది. మెట్ల మీద అడుగులు. తలుపు తెరుచుకుంది. గిస్లెన్!

ఆర్మెల్ లేచి అతన్ని వాటేసుకుని ఏడ్చింది. పిడికిళ్లతో గుండెల మీద గుద్దింది. "ఎక్కడ చచ్చావు ఇంతసేపూ! నా ప్రాణం తోడేశావు కదరా!"

"మంచు," అన్నాడతను. చొక్కా పొడిగా ఉంది. ఒళ్లు మాత్రం చల్లగా ఉంది.

అతను వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. రొట్టెను దగ్గరికి లాక్కున్నాడు. కోసేముందు కత్తి మొనతో దాని మీద చిన్న సిలువ గీశాడు.

ఆర్మెల్ ఏడుపు ఆగిపోయింది. చర్చి గుమ్మం తొక్కని మనిషి గిస్లెన్.

అతను మాడిన అడుగు కోసి నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు. తడిసిన మాడైనా కరకర... కరకర...

"నీకు... మాడు పడదుగా," అంది.

అతను కత్తి పక్కన పెట్టాడు. మిగిలిన రొట్టెను రెండు చేతులా ఎత్తాడు. ఆమె కళ్లలోకి చూస్తూ... బోర్లించాడు.

"రేపు పదింటికి పడవ ఉంది," అన్నాడు ప్రేమగా. "ఇద్దరం వెళ్దాం. ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నావుగా, రెండు రోజులు ఎక్కడికైనా అని."

ఆమె ఆ మాట గిస్లెన్‌ని ఎప్పుడూ అడగలేదు.

రొట్టెను తిప్పేద్దామని చెయ్యి చాచింది. దాని మీద అప్పటికే అతని చెయ్యి ఉంది. పొద్దున్న ఆ వేళ్లకి ఏమీ లేదు. ఇప్పుడు ఉంగరపు వేలికి సన్నటి ఉంగరం ఉంది. ఓ పక్క నొక్కుకుపోయి ఉంది.