బురదలో ఏడు టన్నులు

“నువ్వు సెలవులో ఉన్నావు,” అన్నారు పై అధికారి నళిని. “ఒంటరిగా. నెవాడాలో. ఈ ట్రక్కుతో.”

బాతెల్ అనే ఊళ్ళో, బయటికి డెంటల్ బిల్లింగ్ ఆఫీసులా కనిపించే ఆ గదిలో, పర్సిస్ స్క్రీన్ మీద బొమ్మ చూసింది. ఏడు టన్నుల ఓవర్‌ల్యాండ్ ట్రక్కు. వెనక డబ్బాలో మంచం, స్టవ్, నీళ్ళ ట్యాంకు, టాయిలెట్. పర్సిస్ షామ్‌బర్గ్‌లో మెత్తటి కార్పెట్ల మీద పెరిగిన మనిషి. పదకొండేళ్ళ కౌంటర్ ఇంటెలిజెన్స్ సర్వీసులో ముగ్గురు గూఢచారుల్ని పట్టుకుంది గానీ, ఒక్క రాత్రి కూడా టెంట్‌లో పడుకోలేదు.

“హోటల్లో దిగే కవర్ ఏదీ లేదా?”

“అక్కడ హోటళ్ళు లేవు. మనుషులే లేరు. విను.”

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో అయిపోయింది. బాతెల్‌లోని ఒక ల్యాబ్ నుంచి, పసిపిల్లల వ్యాక్సిన్‌కి ఆధారమైన సెల్ లైన్, అంటే గడ్డకట్టించి దాచే జీవకణాలు, ఒక ఫ్లాస్కు మాయమైంది. మిగిలిన నమూనాల్ని ఎవరో పాడుచేసి మరీ పోయారు. ఇప్పుడున్నది ఆ ఒక్క ఫ్లాస్కే. ఒక విదేశీ ముఠా దాన్ని దేశం దాటించబోతోంది. ఆ ముఠాలో మన ఆఫీసు మనిషి ఒకామె ఉంది. వాళ్ళకి పనిచేస్తున్నట్టు నటిస్తూ ఇక్కడికి సమాచారం పంపుతుంది. కోడ్ నేమ్ మల్లె. ఆమె లెక్కన గురువారం సాయంత్రం ఫ్లాస్కు మోసే కొరియర్ హైవే మీద వస్తాడు. టీమ్ మొత్తం అక్కడే కాపు కాస్తుంది. ఎండిన సరస్సు మీదుగా పోయే పాత కంకర రోడ్డు మీద, ఎందుకైనా మంచిదని, పర్సిస్ ఒక కన్నేసి ఉంచాలి.

“మల్లె ఎదురుపడితే?”

“‘మీ దగ్గర నల్లజీలకర్ర ఉందా’ అంటుంది. ‘ఉంది, పాతది’ అను.” నళిని టైర్లలో గాలి చూసే గేజ్ ఒకటి టేబుల్ మీద పెట్టారు. “మూత తిప్పితే శాటిలైట్ ఫోన్. పోగొట్టకు.”

గురువారం ఉదయం తొమ్మిదికి ట్రక్కు దిగబడింది.

రెండు రోజుల కిందటి వాన ఆ రోడ్డుకి అక్కడక్కడా గండ్లు కొట్టింది. తిన్నగా, గట్టిగా మిగిలింది మధ్యలో అరమైలు. ఆ అరమైలు నడిమధ్యలో పర్సిస్ ట్రక్కుని ఒక పక్కకి తీసి, వెనక్కి తిప్పుకుందామనుకుంది. రోడ్డు పక్క నేల ఎండి, అప్పడంలా పగిలి ఉంది. ముందు చక్రాలు దిగగానే పైపొర చిట్లింది. కింద ఉన్నది మట్టి కాదు, బూడిదరంగు జిగురు. ఏడు టన్నులూ ముక్కు కిందికి వాల్చుకుని ఇరుసు దాకా కూరుకుపోయాయి. తోక మాత్రం రోడ్డుకి అడ్డంగా లేచి నిలబడింది.

ఆ వాలుకి వెనక డబ్బాలో ఏదో దభీమని పడింది. తలుపు తీసి చూస్తే టాయిలెట్ కింది పెట్టె. అందులోని నీలంరంగు ద్రవం మంచం దాకా పారింది.

పర్సిస్ తలుపు వేసేసి, కాసేపు ఆకాశం చూసింది. తర్వాత పార తీసింది.

ఆరు గంటలు తవ్వింది. తవ్విన ప్రతి పారకీ పక్కనుంచి రెండు పారల బురద జారి గుంట నింపింది. టైర్లలో గాలి తీసింది. చక్రాల కింద ప్లాస్టిక్ పలకలు పెట్టి ఇంజన్ రెయిజ్ చేస్తే, పలకలు రెండూ బురదలోకి పోయాయి, మళ్ళీ కనిపించలేదు. ఆ బురద కుళ్ళిన గుడ్ల వాసన కొట్టింది. గోళ్ళలోకి, చెవుల్లోకి, ఎలాగో పళ్ళ మధ్యకి కూడా చేరింది. కనుచూపు మేరలో చెట్టు లేదు, నీడ లేదు. టీమ్‌ని పిలిస్తే హైవే మీద కాపు చెడుతుంది. ఆమెకి నెవాడా మీద, నళిని మీద, సెలవుల్లో సరదాకి ఈ పని చేసే జనం మీద ఏవగింపు పుట్టింది.

మూడున్నరకి ఒక తెల్ల ఎస్‌యూవీ వచ్చింది. తెల్ల లినెన్ ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, ఇంత దుమ్ములోనూ చెదరని జుట్టు. దిగినామె చుట్టూ చూసి, మెల్లిగా తెలుగులో అడిగింది.

“మీ దగ్గర నల్లజీలకర్ర ఉందా?”

“ఉంది.” గొంతు ఎండిపోయి మాట సరిగ్గా రాలేదు. “పాతది.”

“నేను అవని. అయ్యో, ఏంటిది, ఎప్పట్నించి ఇలా ఉన్నావు?” ఆమె చల్లటి నీళ్ళ బాటిల్ ఇచ్చింది. తడి గుడ్డ తీసి, పర్సిస్ కళ్ళ చుట్టూ, నుదుటి మీద బురద తనే తుడిచింది. చిన్నపిల్లకి తుడిచినట్టు తుడిచింది. పర్సిస్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

“థాంక్స్,” అంది. “నిజంగా. థాంక్స్.”

“పరవాలేదు. నా కార్‌కి బండ్లు లాగే వించ్ ఉంది. ముందు నిన్ను లాగేద్దాం.”

రోడ్డు మీద కారు నిలిపి, చక్రాలకి రాళ్ళు అడ్డుపెట్టి, వించ్ తాడు ట్రక్కు తోకకి కట్టారు. పర్సిస్ రివర్స్‌లో తొక్కింది. ఇరవై నిమిషాల తర్వాత బురద పెద్ద త్రేన్పు త్రేన్చి ట్రక్కుని వదిలింది.

“ఇంక వెళ్ళు,” అంది అవని, వాచీ చూసుకుంటూ. “కొరియర్ ముందే బయల్దేరాడు. హైవే ఎక్కేదాకా ఎక్కడా ఆగకు. నేను ఇక్కడ చూసుకుంటా.”

పర్సిస్ మూడు వందల గజాలు పోయింది. అలవాటు కొద్దీ అద్దంలో చూసింది. అవని తన కారుని రోడ్డు మీంచి పక్కకి దింపి, యాంటెన్నాకి పొడుగాటి ఎర్ర రిబ్బన్ కట్టింది. వెనక్కి నడిచి, అది ఎటు ఎగురుతోందో చూసింది. తర్వాత రోడ్డుకి రెండంచులా నారింజరంగు గుడ్డలు పరచడం మొదలుపెట్టింది.

పర్సిస్ బ్రేకు తొక్కి, గేజ్ మూత తిప్పింది.

“నళినిగారూ, గాలి ఎటు వీస్తోందో కార్‌లో పోయేవాళ్ళకి ఎందుకు?”

“విమానం,” అన్నారు నళిని. “ఎవరు చూస్తున్నారు గాలి?”

“మల్లె. కొరియర్ ఎవరో కాదు, ఆవిడే. హైవే మీదకి ఎవరూ రారు.”

“హెలికాప్టర్‌కి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది.”

“నాకు ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది.”

విమానం దిగాలంటే ఆ అరమైలూ ఖాళీగా ఉండాలి. పొద్దున్నించీ దాన్ని మూసేసి ఉన్నది ఒకే ఒక్క వస్తువు. ఆరు గంటలు ఒళ్ళు హూనం చేసుకుని, శత్రువుకి థాంక్స్ చెప్పి మరీ, దాన్ని తీసేసింది తనే. అవని తుడిచిన నుదుటిని పర్సిస్ బురద చేత్తో గట్టిగా రుద్దుకుంది.

ట్రక్కు తిప్పే వెడల్పు లేదు. రివర్స్ గేరు వేసి, అద్దాల్లో చూస్తూ తొక్కింది. అవని పిస్తోలు తీసింది. ఒక గుండుకి అద్దం పగిలింది. మిగిలినవి వెనక డబ్బాలో ఎక్కడెక్కడో దిగాయి. ఆకాశంలో చిన్న విమానం చక్రాలు దించుకుని రోడ్డుకి వరసగా వచ్చేస్తోంది.

పొద్దున్న తవ్విన గుంట కనిపించింది. పర్సిస్ స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఏడు టన్నుల్నీ వెనక్కి దాంట్లోకి తోసింది. వెనక చక్రాలు దిగాయి. ముక్కు రోడ్డుకి అడ్డంగా లేచింది. ఆమె తలుపు తీసుకుని అవతలికి దూకింది.

విమానం చక్రాలకీ ట్రక్కు టాపుకీ మధ్య జానెడు ఎడం ఉందేమో. ఇంజన్ గొంతు చించుకుని పైకి లేచింది, ఒకసారి చుట్టూ తిరిగింది, దక్షిణానికి పోయింది. మళ్ళీ రాలేదు.

అవని కారు దగ్గరికి పరిగెత్తింది. కారు అప్పటికే తలుపుల దాకా దిగబడి ఉంది. ఎండిన పైపొరని పొద్దున పర్సిస్ నమ్మినట్టే ఆమె కూడా నమ్మింది. కారులోంచి స్టీలు ఫ్లాస్కు లాక్కుని సరస్సు మీదకి పరుగు తీసింది. పది అడుగులకి మోకాళ్ళ దాకా కూరుకుపోయింది. పర్సిస్ పార ఊతంగా పట్టుకుని వెళ్ళి, పిస్తోలున్న చేతి మీద ఒకటి వేసింది. ఇద్దరూ కలిసి బురదలో పడ్డారు. చేతులకి ప్లాస్టిక్ సంకెళ్ళు బిగించేసరికి ఇద్దరిలో ఎవరికీ ముఖం లేదు.

ఫ్లాస్కు మూత చెక్కుచెదరలేదు. లోపలి గడ్డకట్టే చలి అలాగే ఉందని పక్కనున్న చిన్న ఆకుపచ్చ దీపం చెప్పింది.

“నువ్వేదో గొప్పదానివన్నట్టు చూడకు,” అంది అవని, రొప్పుతూ. “ఇద్దరం అబద్ధాలు చెప్పి బతికేవాళ్ళమే. నేను రెండు వైపులా చెప్పాను, అంతే.”

“చెప్పుకో.”

“మరెందుకలా చూస్తున్నావు?”

“ముఖం తుడవకపోయినా లాగేదానివి కదా నన్ను,” అంది పర్సిస్. “అది మాత్రం ఎందుకు తుడిచావు?”

అవని ముఖం అటు తిప్పుకుంది.

హెలికాప్టర్ కంకర మీద దిగింది. నీట్‌గా ఇస్త్రీ చేసిన జాకెట్ వేసుకున్న కుర్ర ఆఫీసర్ ఒకడు దిగి, గాలి తగలగానే జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. నెత్తి నుంచి పాదాల దాకా ఒకే బూడిదరంగులో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళని మార్చి మార్చి చూశాడు.

“సారీ,” అన్నాడు. “మీలో మావాళ్ళెవరు?”

“ముందు సబ్బివ్వు,” అంది పర్సిస్. “తర్వాత ఆలోచించి చెప్తాను.”