బయట స్నానం చేసి వచ్చే మనిషి

ఆదివారం ఉదయం ఏడు గంటలకు, ఊరంతా ఇడ్లీ పొయ్యి మీద పెట్టుకునే వేళ, జెబమలర్ మొగుడు విడిచిన చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడింది. మూడు వారాలుగా ఆమెకు ఇదే పని. ఇంట్లో వాడేది వేప సబ్బు. చొక్కాలోంచి వస్తున్నది మల్లెపూల సబ్బు వాసన. ఇంకా ఏం సాక్ష్యం కావాలి?

తుడియలూరులో పంపుల వర్క్‌షాపుల వెనక లైను ఇళ్ళలో వాళ్ళది చివరి ఇల్లు. రెండు గదుల్లో ముగ్గురు మనుషులు. ఆమె, ఆమె మొగుడు కార్తి, మామ కుళందైసామి. అత్త పోయి ఐదేళ్ళయింది. కార్తి లేత్ మెషిను మీద పనిచేస్తాడు. పెళ్ళయిన కొత్తలో సాయంత్రం నూనె మరకలతో వచ్చి, నల్లటి గోళ్ళతోనే టీ గ్లాసు అందుకునేవాడు. ఇప్పుడు వారానికి రెండు మూడు సార్లు తల తడిగా, గోళ్ళు బ్యాంకు ఆఫీసరు గోళ్ళలా మెరుస్తూ వస్తున్నాడు. ఆ గోళ్ళను చూస్తే జెబమలర్‌కు ఒళ్ళు మండిపోతోంది.

అంతేనా? రాత్రి బనియను విప్పడు. చేయి వేస్తే పక్కకు జరుగుతాడు. ఫోను వస్తే వీధిలోకి పోతాడు. ఎవరని అడిగితే వేలు అని ఒక స్నేహితుడు అంటాడు. ఆ వేలు పేరు కింద ఏ ఆడది దాక్కుని ఉందో ఎవరికి తెలుసు!

పోయిన ఆదివారం పాస్టరు చెప్పిన ప్రసంగం ఆమె అనుమానానికి గట్టి ముడి వేసింది. విశ్వాసి దేహం అతని సొంతం కాదనీ, ఆత్మతో పాటు ఒళ్ళు కూడా దేవునిదేననీ, ఆయన వెలపెట్టి కొనుక్కున్నదాన్ని పాడుచేసే హక్కు మనకు లేదనీ చెప్పాడాయన. సభంతా తలలూపింది. కార్తి ఒక్కడే తల ఎత్తలేదు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు ఎత్తడు?

మామ మీద కూడా ఆమెకు నమ్మకం పోయింది. కొడుకు తల తడిగా గడప దాటగానే ముసలాయన లేచి దగ్గరకు వెళ్తాడు, ఒక్క క్షణం ఆగుతాడు, ఏమీ అనకుండా వీధి అరుగు మీదికి పోతాడు. కొడుకు గుట్టు దాస్తున్నాడని ఆమె తేల్చేసుకుంది.

"మలరూ, నా తెల్లచొక్కా యాడ?" అంటూ కార్తి వచ్చాడు.

ఆమె నీలం చొక్కాను అతని ముఖం మీదికి విసిరింది. "ముందు దీనికి జవాబు చెప్పు. నిన్న యాడ స్నానం చేస్తివి?"

"యాడేమి? వర్క్‌షాపులోనే."

"సత్తియమా? నిన్న మధ్యాహ్నం వర్క్‌షాపుకు నేనే ఫోను చేస్తిని. కార్తి రెండు నెలలుగా పనికి రావడం లేదమ్మా అని చెప్పినారు. టిఫిను డబ్బా తీసుకుని రోజూ యాడికి పోతా ఉండావయ్యా?"

కార్తి తలుపు వైపు చూశాడు. అరుగు మీద కూర్చున్న తండ్రి వీపు కనిపిస్తోంది.

"చెప్పు! ఆ రోజు పాస్టరు చెప్పింది చెవిన పడలేదా? నీ ఒళ్ళు నీది కాదు, దేవునిది. దాన్ని తీసుకుపోయి ఇంకోదాని ఇంట్లో పడేస్తా ఉండావు. ఎవరది?"

కార్తి తండ్రి వీపు మీంచి చూపు తిప్పకుండానే, "సరి. అట్లనే అనుకో. ఉండాది ఒకతె," అన్నాడు.

మూడు వారాలుగా ఆమె వినాలని తహతహలాడిన మాట అదే. తీరా విన్నాక గోడకు జారబడింది. లేదని బొంకి ఉంటే ఎంత బాగుండేది!

"అబద్ధం," అంది వాకిట్లోంచి ఒక గొంతు.

కుళందైసామి గడపలో నిలబడి ఉన్నాడు. కార్పొరేషనులో ముప్ఫై రెండేళ్ళు డ్రైనేజీల్లో దిగి రిటైరైన మనిషి. చర్చికి తెల్లపంచ కట్టుకుని ఉన్నాడు. "డేయ్, బనియను తియ్."

"అప్పా, వద్దు."

"తియ్‌రా అంటా ఉండా!"

కార్తి బనియను ఎత్తాడు. నడుము చుట్టూ వేలెడు వెడల్పున చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా, కొన్నిచోట్ల చీము పట్టి ఉంది. కుళందైసామి తన చొక్కా కూడా పైకెత్తాడు. సరిగ్గా అదే చోట, ముడతల మధ్య, నల్లగా పాత మచ్చ ఉంది.

"తాడు గుర్తు అమ్మాడి. లోపలికి దించేటప్పుడు కట్టే తాడు. వీడు మొదటి రోజు వచ్చినప్పుడే నాకి తెలిసిపోయింది. ఏ సోపు పూసినా నా ముక్కుకి తెలియకుండా పోతుందా?" ముసలాయన నేల మీద కూలబడ్డాడు. "అయినా నమ్మలేదు. ఈ మూడు వారాలు నేనేమని జెబం చేస్తినో తెలుసునా? ఏసప్పా, వీడికి ఇంకో ఆడది ఉండనీ, ఇది మాత్రం కాకుండా ఉండనీ అని. కోడలిని పెట్టుకుని అట్ల అడుక్కుంటిని. నన్ను మన్నించమ్మా."

జెబమలర్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇన్ని రోజులు చొక్కాను వాసన చూసిందే గాని, ఆ చొక్కా లోపలి మనిషిని ఒక్కసారి సరిగ్గా చూడలేదు.

"ఆర్డర్లు లేవని వర్క్‌షాపులో పదిమందిని నిలిపేసినారు," అన్నాడు కార్తి, గోడతో చెప్తున్నట్టు. "సెప్టిక్ లారీ వేలు పిలిచినాడు. పైపు నీళ్ళనే లాగుతాది. అడుగున గట్టిపడింది తియ్యాలంటే మనిషి దిగాల. అయినంక వాచ్‌మన్ కుళాయి కాడ మల్లె సోపు పూసి ఒళ్ళు కడుక్కుని వస్తా ఉంటిని."

"నాతో ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు తండ్రి.

"ఎట్ల చెప్పేది? సభలో నిలబడి నువ్వు సాక్ష్యం చెప్తివి. నా కొడుకు నాలాగా కాలవలో దిగడు, లేతు మీద పనిచేస్తాడు అని. అందరూ స్తోత్రం అనిరి. ఇంక నేను యాడ పోయి చెప్పేది?"

అప్పుడే అలమారలో ఫోను మోగింది. కార్తి అందుకునేలోపు జెబమలర్ తీసుకుంది. నిజంగానే వేలు. మగగొంతు.

"కార్తి, వెంటనే అపార్ట్‌మెంటు కాడికి వచ్చేయ్. మూత తెరిచి పెట్టినాము."

"ఆయన రాడు," అంది ఆమె. "ఆయన ఇల్లాలిని మాట్లాడతా ఉండా. ఆ ఒళ్ళు దేవునిది. మీ ట్యాంకులో దించేదానికి ఆయనకి హక్కు లేదు, మీకి అసలే లేదు."

"సరిమ్మా, కోపం ఎందుకు? పాండి ఉండాడు. వాడిని దించుకుంటా," అన్నాడు వేలు, కూరగాయల బేరం మాట్లాడినంత తేలికగా.

ఫోను పెట్టేసి చూస్తే కార్తి చెప్పులు వేసుకుంటున్నాడు.

"మళ్ళీ యాడికి?"

"రోజూ నేను దిగితే పైన తాడు పట్టేవాడు పాండినే. ఈరోజు వాడు దిగితే, విషగాలి కొట్టినా పైకి లాగేదానికి ఎవురూ లేరు, వేలు తాడు ముట్టడు. పనిలో ఉంటే వాడు ఫోను ఎత్తడు. పోయి లాక్కొని వస్తా."

ఇప్పుడే అంత గట్టిగా చెప్పిన తన మాట ఆమెకు తిరిగి తగిలింది. మొగుణ్ణి కాపాడుకున్నానని ఊపిరి పీల్చుకున్న ఆ క్షణంలోనే ఇంకొక తల్లి బిడ్డను అదే గుంటలోకి పంపేసింది. పాండి అన్న పేరుగలవాడు తమ చర్చిలో లేడు, మారియమ్మకు మొక్కేవాడై ఉంటాడు. అయితే?

"వాడి ఒళ్ళు మాత్రం ఎవరు చేసిందమ్మా?" అన్నాడు కుళందైసామి, ఆమె మనసులో మాట విన్నట్టు. "ఇద్దరూ పోండి. నేను సభకి పోతా. నేను చెప్పిన ఆ సాక్ష్యాన్ని నేనే దిద్దుకోవాల."

జెబమలర్ చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే కార్తి బండి వెనక ఎక్కింది. అలవాటుగా నడుము చుట్టూ చేయి వేయబోయి, గాయం గుర్తొచ్చి భుజం పట్టుకుంది.

అపార్ట్‌మెంటు వెనక మూత తీసిన గుంట దగ్గర పాండి నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. మొన్ననే మీసం సరిగా వచ్చిన ముఖం. కార్తి వెళ్ళి ఆ చేతులు పట్టుకున్నాడు. వేలు లారీ దగ్గర నుంచి అరుస్తూనే ఉన్నాడు.

"ఏమయిందన్నా?" పాండి బిత్తరపోయాడు. విషయం విన్నాక తెల్లచీర వైపు చూసి, "అక్కా, నేను మీ సభవాడిని కూడా కాదే," అన్నాడు.

జెబమలర్‌కు అప్పటిదాకా ఆగిన ఏడుపు ఒక్కసారిగా పొంగుకొచ్చింది. గుంటకూ వాడికీ మధ్య వచ్చి నిలబడింది.

"నువ్వు ఎవరివో నేను అడగలేదు తమ్ముడూ," అంది. "ముందు ఆ ముడి విప్పు."