చుట్టాల టైరు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. వంతెన దిగాక వచ్చే ఎడమ మలుపు.

మోటార్ సైకిల్ పిట్టగోడని గుద్ది పక్కకి ఒరిగి ఉంది. మనిషి దానికి పదిహేను అడుగుల అవతల పడి ఉన్నాడు. హెల్మెట్ పట్టీ బిగించే ఉంది. చేతులకి గ్లవ్స్ ఉన్నాయి. ప్రాణం మాత్రం లేదు.

వయసు ముప్పై ఎనిమిది. ఆసుపత్రి యంత్రాల విడిభాగాలు దూరపు ఊళ్లకి చేరవేయడం అతని పని. రోజుకి నాలుగైదు వందల కిలోమీటర్లు. పదహారేళ్లలో ఒక్క చలాన్ కూడా లేదు.

ఆరూ నలభై ఐదుకి ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది. స్టేషన్లో ఆమెకి "మళ్లీ చెప్పండి మేడమ్" అని పేరు. ఎవరేం చెప్పినా రెండోసారి చెప్పిస్తుంది. కళ్లారా చూసినవాళ్లు రెండోసారి ఇంకో ముక్క కలుపుతారు, కల్పించినవాళ్లు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు అని ఆమె నమ్మకం. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ నమ్మకం పెద్దగా వమ్ము కాలేదు.

కానిస్టేబుల్ వెనక చక్రం చూపించాడు.

"మేడమ్, ఇది కారు టైరు."

"మళ్లీ చెప్పండి."

"బైక్ రిమ్ముకి కారు టైరెక్కించారు మేడమ్. అంచులు చూడండి, గుండ్రంగా లేవు. పలకలా ఉంది. మలుపులో బండి వంగదు. కేసు తేలిపోయినట్టే."

ఆమె గేజ్ పెట్టించింది. గాలి సరిపడా ఉంది. టైరు పగల్లేదు, జారలేదు. కానీ చక్రం మొత్తం ఫ్రేములో అడ్డం తిరిగి ఉంది. ఇరుసు ఒక పక్కకి వేలెడు బయటికొచ్చింది. దాని చివర ఉండాల్సిన నట్టు లేదు.

"నట్టు వెతకండి."

"ఎక్కడ మేడమ్?"

"అతనొచ్చిన దారంతా."

కానిస్టేబుల్ మొహం మాడిపోయింది. అయినా వెతికాడు. ఎనిమిదీ ఇరవైకి దొరికింది. మలుపుకి మూడు వందల మీటర్ల వెనక, కంకరలో.

అంటే మలుపు రాకముందే చక్రం వదులైంది.

*

నాలుగో రోజు మృతుడి భార్య స్టేషన్‌కి వచ్చింది. చేతిలో షోరూమ్ పంపిన కాగితం. మడిచి మడిచి నలిగిపోయింది.

"బండికి కంపెనీ ఒప్పుకోని టైరు వేసుకున్నాడు కాబట్టి వారంటీ రద్దు, ప్రమాదానికి పూర్తి బాధ్యత నడిపినవాడిదే అని రాశారు మేడమ్. అంటే మా ఆయన తన చావు తనే తెచ్చుకున్నాడనే కదా?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీ చూపించింది.

"మా పాప ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతోంది. ఈ కాగితం ఎప్పుడో ఒకప్పుడు దాని చేతిలో పడుతుంది. ఆయన తప్పే అయితే చెప్పండి, భరిస్తాను. కాకపోతే మాత్రం ఈ మాట చెరిపించండి. నాకింకేం వద్దు."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచింది. కాగితం తీసుకుని ఫైల్లో పెట్టుకుంది.

*

షోరూమ్ మేనేజర్ గదిలో దుమ్ము కూడా అనుమతి తీసుకుని వాలాలి. అంత శుభ్రం.

"ముందు రోజు బండి మీ దగ్గరే ఉంది కదా?"

"ఉంది మేడమ్. గేర్‌బాక్స్ కంప్లయింట్. వారంటీలో ఉచితంగా చేశాం. సాయంత్రం ఐదింటికి డెలివరీ."

"అప్పుడు వెనక ఏ టైరుంది?"

"కంపెనీ టైరే. ఫొటో ఉంది. కారు టైరుంటే పని మొదలుపెట్టం. వారంటీ మొత్తం పోతుంది."

"మరి తెల్లారేసరికి కారు టైరు ఎలా వచ్చింది?"

మేనేజర్ నవ్వాడు. "దూరాలు తిరిగేవాళ్లందరూ చేసేదే. సర్వీసుకి తెచ్చేముందు మా టైరు వేస్తారు. ఇంటికెళ్లగానే తీసేసి కారుది వేస్తారు. వాళ్లలో వాళ్లు మా టైరుని చుట్టాల టైరు అంటారట. చుట్టాలొస్తేనే బయటికి తీసే మంచి కంచాల్లాగా."

"అంత అవస్థ దేనికి?"

"మాది పది వేల కిలోమీటర్లకే అరిగిపోతుంది. కారుది నలభై వేలు వస్తుంది. కక్కుర్తి మేడమ్. ఆ కక్కుర్తే చంపింది."

"ఆరేళ్లుగా కారు టైరు మీదే తిరుగుతున్నాడు. వారానికి మూడుసార్లు అదే మలుపు. అన్నాళ్లూ ఎందుకు చంపలేదు?"

మేనేజర్ టేబుల్ మీది పెన్ను సర్దాడు.

జాబ్ కార్డు తెప్పించింది. వెనక చక్రం బిగించినట్టు, కొత్త స్ప్లిట్ పిన్ను వేసినట్టు రాసి ఉంది. ఫొటోలో పిన్ను కనిపిస్తోంది కూడా. నట్టు గాడిలోంచి ఇరుసు చిల్లులోకి దూర్చి, రెండు కాళ్లూ విడదీసి వంచే చిన్న తీగముక్క. అది ఉంటే నట్టు ఊడమన్నా ఊడదు.

షోరూమ్ తప్పు లేదు. ఐదింటి తర్వాత ఆ చక్రాన్ని ఎవరో విప్పారు. మళ్లీ బిగించారు.

*

టైర్ల షాపు మృతుడి తండ్రిది. నలభై ఏళ్ల షాపు. కింద పని, పైన ఇల్లు. ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. రెండేళ్లుగా కళ్లు మసకబారాయి. మనుషులు నీడల్లా కనిపిస్తారు, రంగులు అసలు తెలియవు. ఇప్పుడు షాపు నడిపేది చిన్నకొడుకు. వీధిలో అందరికీ చిన్నోడు.

చిన్నోడు ఆమెని చూడగానే టైరు విప్పే ఇనప లివర్ కింద పెట్టి, గుమ్మం దాకా వచ్చి గుసగుసగా అన్నాడు.

"నేనే మేడమ్. రాత్రి తొమ్మిదింటికి అన్న బండికి కారు టైరు నేనే వేశాను. పిన్ను పెట్టడం మర్చిపోయాను. రాసుకోండి."

"పిన్ను సంగతి నేనింకా ఎత్తనే లేదు."

చిన్నోడు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"మళ్లీ చెప్పండి."

"రాత్రి తొమ్మిదింటికి అన్న బండికి కారు టైరు నేనే వేశాను. పిన్ను పెట్టడం మర్చిపోయాను."

అక్షరం మారలేదు.

లోపల మూలన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన తల తిప్పాడు. "ఎవరమ్మా, పోలీసా? ఆ లారీ దొరికిందా?"

ఆ మలుపులో ఏ లారీ లేదు. చిన్నోడు చేతులు జోడించాడు, తండ్రికి కనబడవని తెలిసి.

"వెతుకుతున్నామండీ," అంది ఇన్‌స్పెక్టర్.

బయటికొచ్చాక చిన్నోడు గొంతు తగ్గించాడు. "నాన్నకి లారీ గుద్దిందని చెప్పాం మేడమ్. వదినా నేనూ కలిసి. బైక్‌కి కారు టైరు వేయడం ఈ వీధిలో అందరికీ నేర్పింది ఆయనే. టైరు వల్లేనని ఆ కాగితంలో రాశారని తెలిస్తే ఆయన బతకడు."

సమాధానం బాగుంది. మరీ బాగుంది.

పక్కనే బేకరీ. బట్టీ దగ్గర నిలబడ్డ యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రాత్రి తొమ్మిదింటికా? లేదు మేడమ్, షాపు ఏడింటికే మూసేశారు. కంప్రెసర్ మోగింది తెల్లవారుజామున. నాలుగూ యాభై. నేను మొదటి ట్రే అప్పుడే తీస్తాను కాబట్టి ఖాయంగా చెప్తున్నాను. దాని మోత వింటే మా గోడలో ఇటుకలు కూడా నిద్రలేస్తాయి. ఆ తర్వాత ఎవరో నవ్వడం కూడా వినిపించింది."

"ఎవరు?"

"పెద్దబ్బాయి నవ్వే అనుకుంటా. చాలా రోజులైంది ఆ షాపులో నవ్వు విని."

ఇన్‌స్పెక్టర్ మళ్లీ షాపులోకి వెళ్లింది. "ఒక టైరు ఎక్కించి చూపించండి. నేను చూడాలి."

చిన్నోడు పని మొదలుపెట్టాడు. టైరు మీద ఒక పసుపు చుక్క ఉంది. దాన్ని తిప్పి తిప్పి, గాలి కొట్టే వాల్వ్ దగ్గరికి తెచ్చి ఆపాడు. అది టైరులో తేలికగా ఉండే చోటు. వాల్వ్ బరువు దాని పక్కన పడితే చక్రం ఊగదు. చుక్క చెరిగితే మళ్లీ పెయింట్ పెట్టుకుంటారు. తర్వాత చక్రం బండికి పెట్టాడు. పెట్టెలోంచి పిన్ను తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. నట్టు బిగించాడు. పిన్ను దూర్చాడు. అప్పటిదాకా ఆమె రెండు ప్రశ్నలడిగితే ఒక్కదానికీ నోరు విప్పలేదు.

స్టూలు మీంచి పెద్దాయన అందుకున్నాడు. "వాడు మాట్లాడడమ్మా. నేను నేర్పిన పద్ధతి. పిన్ను పళ్ల మధ్య ఉన్నంతసేపు మాటల్లేవు. అది లోపలికెళ్లాకే నోరు తెరవాలి. నలభై ఏళ్లలో ఒక్క నట్టు ఊడలేదు."

ఆ గొంతులో గర్వం విని ఇన్‌స్పెక్టర్ తల దించుకుంది. ఆమెకి అప్పటికే సగం అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండుననుకుంది.

*

పదకొండో రోజు. ఉదయం పదిన్నర. స్టేషన్.

ముగ్గురిని పిలిచింది. మేనేజర్, చిన్నోడు, అతని వదిన. పెద్దాయన్ని కావాలనే పిలవలేదు. మేనేజర్, చిన్నోడు వచ్చి కూర్చున్నారు. వదిన ఇంకా రాలేదు. పాపని బడిలో దింపి వస్తుందన్నారు. మేనేజర్ నాలుగోసారి గడియారం చూశాడు. ఇన్‌స్పెక్టర్ మొదలుపెట్టింది.

"ముందు మీ సంగతి," అంది మేనేజర్‌తో. "కారు టైరు ఏ పాపం చెయ్యలేదు. నట్టు మలుపుకి ముందే ఊడింది. ఇరుసు చిల్లులో విరిగిన పిన్ను ముక్క లేదు, గీత లేదు. అంటే పిన్ను తెగలేదు. అసలు పెట్టనే లేదు. మీ కాగితం వెనక్కి తీసుకుని, నడిపినవాడి తప్పు లేదని రాసివ్వండి. ఇంకో మాట. మీ వారంటీకి భయపడి చుట్టాల టైరు వేసుకోకపోతే, ఆ పొద్దున ఆ చక్రాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లే కాదు."

మేనేజర్ చెమట తుడుచుకుని తలూపాడు.

"ఇక మీరు." చిన్నోడి ముందు ఒక ఫొటో పెట్టింది. "ప్రమాదం జరిగిన బండి చక్రం. అందరం టైరు కారుదా బైకుదా అని చూశాం. దాని మీద చుక్క చూడలేదు. వాల్వ్ ఇక్కడుంది. పసుపు చుక్క ఎక్కడుంది?"

వాల్వ్‌కి సరిగ్గా ఎదురు వైపుంది.

"మీ చెయ్యి నిద్రలో కూడా చుక్కని అక్కడ వదలదు. ఈ టైరు మీరు వెయ్యలేదు. చుక్క కనిపించనివాళ్లు వేశారు. తడిమి చూస్తే పెయింట్ చేతికి తగలదు కదా?"

"నేనే వేశాను మేడమ్," అన్నాడు చిన్నోడు. "మీకు దండం పెడతాను. నేనేనని రాసుకోండి. రెండేళ్లో మూడేళ్లో ఉండొస్తాను. నాకేం కాదు. పుట్టినప్పట్నుంచీ కంప్రెసర్ మోతలో పడుకున్నవాణ్ణి, మెలకువ రాలేదు. ఆరింటికి నిద్రలేచి కిందికొచ్చాను. నాన్న చేతుల నిండా గ్రీజు పూసుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. 'నేనే వేశానురా, నిన్ను లేపలేదు' అన్నాడు. రెండేళ్ల తర్వాత ఆ మొహంలో నవ్వు చూశాను. ఏడింటికి ఫోనొచ్చింది. నేనేం చెప్పను మేడమ్? నువ్వు పిన్ను మర్చిపోయావు నాన్నా అని ఎలా చెప్పను?"

"పిన్నా?"

తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. ఆమె భుజం పట్టుకుని, ఆ మాట అడిగిన పెద్దాయన. లారీవాణ్ణి చూపిస్తారేమోనని, వద్దంటున్నా వినకుండా బయల్దేరాడట. పోలీసుల దగ్గరికి కదా అని పని చొక్కా వేసుకున్నాడు. ఆ పొద్దున వేసుకుని, విప్పి కొక్కేనికి తగిలించిన చొక్కా.

ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. వేళ్లు తడిమాయి. ఆగాయి. బయటికి తీశాడు. కొత్త పిన్ను. దాని కాళ్లు ఇంకా వంచలేదు.

"నాన్నా, అది కాదు..." చిన్నోడు లేచాడు.

"ఉండరా." పెద్దాయన గొంతు ఎప్పటిలాగే ఉంది. "పళ్ల మధ్యే పెట్టుకున్నానమ్మా. నట్టు బిగించాను. అప్పుడు పెద్దోడు ఒక మాటడిగాడు. 'రేపట్నుంచి మళ్లీ షాపులో కూర్చుంటావా నాన్నా, నువ్వు లేకపోతే బాగాలేదు' అన్నాడు. రెండేళ్లుగా ఎవరూ అడగలేదు. పిన్ను నోట్లో పెట్టుకుని జవాబెలా చెప్తాను? తీసి జేబులో వేసుకున్నాను. కూర్చుంటానన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సంతోషంలో..."

వదిన గోడకి జారబడింది. "ఆ మాట అడగమన్నది నేనే మామయ్యా. ముందు రోజు సాయంత్రం ఆయనతో నేనే అన్నాను. మామయ్యని ఊరికే కూర్చోబెట్టకండి, ఏదో ఒక పని చెప్పండి, మనిషి కుంగిపోతున్నాడు అని నేనే అన్నాను."

ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన ఆమె కళ్లు మళ్లీ పొంగాయి.

ఇన్‌స్పెక్టర్ ముందున్న ఫారంలో "బాధ్యులు" అన్న చోట ఒకే ఒక్క పేరుకి గీత ఉంది. గదిలో ముగ్గురు నేనంటే నేనంటున్నారు. నాలుగోవాడు, ఆ పని తండ్రి చేతికిచ్చి పక్కన నిలబడి నవ్వినవాడు, లేడు. ఆమె పెన్ను తెరిచింది. మూసింది.

"అయితే లారీ లేదన్నమాట," అన్నాడు పెద్దాయన.

"లేదండీ," అంది ఇన్‌స్పెక్టర్.

ఈసారి ఆమె మళ్లీ చెప్పండి అనలేదు.

పెద్దాయన తలూపాడు. తడుముకుంటూ వెళ్లి కోడలి పక్కన నేల మీద కూర్చున్నాడు. చిన్నోడు వచ్చి ఆయన మోకాళ్ల మీద తల పెట్టాడు. నాన్నా, ఏదైనా మాట్లాడు నాన్నా అంటూ ఏడుస్తున్నాడు.

పెద్దాయన చేతిలో పిన్నుని ఒకసారి తడిమి చూసుకున్నాడు. పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఇక మాట్లాడలేదు.