కప్పు కింద పంది

“ఏమయ్యా, నా అక్షరం గుంజుకొచ్చి చీర మీద నేస్తున్నవా?”

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న శ్రావణ్ తలెత్తాడు. నెల రోజులుగా ఎవరి కోసం జిరాక్స్ షాపు చుట్టూ తిరుగుతున్నాడో, ఆ కృతికే వానలో తడిసి గుమ్మంలో నిలబడింది. నర్సింగ్ చదివి, కొలువు కోసం జపాన్ భాష నేర్చుకుంటున్న పిల్ల. ఆమె చేతిలో, చీర అంచు కోసం గొల్లభామ బొమ్మ గీసిన గళ్ల కాగితం.

“గిది నా నోట్సులకెట్లొచ్చింది?”

“గది మా డిజైన్!”

“మరి నువ్వు నేసేది నా హోంవర్క్!”

షాపులో కాగితాలు తారుమారయ్యాయి. ఆమె గళ్ల కాగితం నిండా ఒకే అక్షరాన్ని వరుసగా గీసుకుంది. నేతగాడికి గళ్లు కనిపిస్తే లెక్కపెట్టడమే తెలుసు, అడగడం తెలియదు. కొత్త అంచు అనుకుని ఆరు రోజులు నడుము విరిగేలా నేశాడు. రేపే మగ్గం మీంచి చీర దించాలి. ఈ సంగతి తెలిస్తే తండ్రి బుచ్చయ్య మళ్లీ మగ్గం ముట్టనివ్వడు. బడి మానేసి మగ్గమెక్కినవాడికి అదీ పోతే, లోకం అయ్యో అనను కూడా అనదు.

“గీ అక్షరమేంది, జెర చెప్పు,” అన్నాడు నీరసంగా.

ఆమె అంచు మీద వేలు పెట్టింది. “జపాన్ అక్షరం బొమ్మల లెక్కుంటది. ఎడమ దిక్కు ఆడపిల్ల. కుడి దిక్కు ఇల్లు.”

“ఇల్లెట్లయితది?”

“పైన కప్పు. కప్పు కింద పంది.”

“పందా!”

“వాళ్ల పాతకాలంల పంది ఉంటేనే ఇల్లట.”

“అన్నీ కలిపితే?”

కృతిక ముఖం ఎర్రబడింది. “తర్వాత చెప్త.”

“ఇప్పుడే చెప్పు బిడ్డా.”

వెనక బుచ్చయ్య! శ్రావణ్ చేతిలోని, పోగు మోసే నాడె జారి పడింది.

“తప్పు నాదే కాకా, ఆయన్ను తిట్టకున్రి.”

“అర్థమేంది?”

“కోడలు.”

బుచ్చయ్య చీర మీదికి వంగాడు.

“ఎట్ల పలుకుతరు?”

“ఒక్కటే ఉంటే యోమె. ఇంకో అక్షరంతో కలిస్తే క.”

బుచ్చయ్య అంచు తడిమి చూశాడు. “వీడు నెలల ఇరవై జిరాక్సులు తీసిండు. మాకున్నది ఒక్కటే డిజైన్. నేను చదువుకోలే గని గుడ్డోన్ని గాను.”

కృతిక నోరు తెరిచింది. “ఇరవయ్యా?”

“ఇరవై రెండు,” అన్నాడు శ్రావణ్, ప్రాణం పోతున్నా లెక్క తప్పకుండా.

“మరి నువ్వెందుకు పోయినవ్ బిడ్డా? హోంవర్కు ఎవలన్న జిరాక్స్ తీస్తరా?”

ఈసారి శ్రావణ్ నోరు తెరిచాడు. కృతిక నేల చూపులు చూసింది.

“గీ చీర అమ్మేది లేదు. కోడలని నువ్వే రాసి, నన్ను చిన్నాయిన లెక్క కాకా అంటవేంది?”

కృతిక గొల్లభామ కాగితాన్ని మడిచి ఆయన చేతిలో పెట్టింది. “పరీక్ష పాసైతే రెండేండ్లు జపాన్ పోత... మామా.”

“పోయి రా,” అన్నాడు బుచ్చయ్య.

శ్రావణ్ లేవబోయాడు. మళ్లీ కూర్చుని, పడిపోయిన నాడె అందుకుని ఆ అక్షరాన్నే నేయసాగాడు.