తపస్సు కాలంలో బీడీ వాసన

మా తమ్ముడు జేవియర్‌కు రోజుకు రెండు కట్టల బీడీలు కావాలి. రాబర్ట్‌సన్‌పేటలో వాడి మతికి మందిచ్చే డాక్టరు ముందే హెచ్చరించాడు. బీడీ పొగ మాత్రను ఒంట్లో తొందరగా అరగ్గొడుతుందట, అందుకే పెద్ద డోసు రాశాడట. నికొటిన్ మెదడులో మాత్ర మత్తును కూడా కాస్త తేలిక చేస్తుందట. పొగ మానేస్తే తనకు చెప్పాలి, లేకపోతే అదే డోసు ప్రాణం మీదికి తెస్తుందన్నాడు. బుద్ధిగా తలూపి వచ్చాను.

వాడికి మా నాయన గొంతు వినబడేది. నాయన గని దుమ్ముకు ఊపిరితిత్తులు పోగొట్టుకుని చచ్చిపోయాడు. గని మూతపడినా ఆయన మాత్రం "కిందికి రారా" అని పిలుస్తున్నాడట. మాత్రలతో ఆ గొంతు సన్నబడిందే గానీ పోలేదు.

ఈసారి ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం నలభై రోజులూ వాడిచేత బీడీ మాన్పిస్తానని చర్చిలో మొక్కుకున్నాను. మొక్కు నాది, మానేది వాడు! కట్టలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి, తాళంచెవి నా మెడలోని జపమాలకు కట్టుకున్నాను. డాక్టరుకు చెప్పలేదు. ఇంట్లో ఆ కంపు పోయిందని సంతోషించాను, అంతే.

మూడో వారానికి వాడు పగలంతా నిద్రే. నోట్లోంచి చొంగ. నడక కొయ్యబారింది. నాయన గొంతు వినబడటం లేదన్నాడు. నా మొక్కు ఫలించిందని గర్వపడి, మాత్రలు ఎప్పటిలాగే మింగించాను.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం. వీధి వీధంతా చర్చిలో ఉంది. నేను వాడి మంచం పక్కన కూర్చున్నాను.

బీడీ వాసన... పెట్టె వైపు నుంచి. వెనకే తడి రాతి వాసన.

దగ్గు. మా నాయన దగ్గు...

"ఇసబెల్లా... ఇంగొక మాత్ర ఇయ్యమ్మా. వాడు సగం దిగినాడు."

ఫోను అందుకుని డాక్టరుకు అంతా చెప్పేశాను. "మాత్ర ఆపండి! వెంటనే ఆసుపత్రికి తీసుకురండి!" అని అరిచాడు.

జేవియర్ కళ్లు సగం తెరిచాడు.

"అక్కా... నాయన నన్ను వదిలేసినాడు. నీ దగ్గరికి వచ్చినాడా?"

"లేదురా." అబద్ధమాడాను.

వాడి నాలుక మీద తెల్లగా మాత్ర. ఇంకా కరగలేదు.

నేను ఇవ్వలేదు. దేవుడి తోడు, నేను ఇవ్వలేదు! గబగబా వేలుపెట్టి లాగేయబోయాను.

ఫోను ఎడమచేతిలో ఉంది. తాళంచెవి మెడలోనే ఉంది. వాడిని ఇంకా తాకనైనా తాకలేదు... కానీ కుడిచేతి వేళ్లు అప్పటికే చొంగతో తడిగా ఉన్నాయి. బీడీ వాసన వేస్తున్నాయి.